తోడల్లుడి బాల్కనీ

లోకంలో అసూయలు చాలా రకాలు. పక్కింటివాడి కారు మీద పుట్టేది వారం రోజుల్లో చల్లారుతుంది. ఆఫీసులో పుట్టేది రిటైరైన రోజున పూలదండతో పాటు ఇంటికొచ్చి, దండతో పాటే వాడిపోతుంది. తోడల్లుడి మీద పుట్టేది మాత్రం పెళ్లి పందిట్లో మొదలై మనవల పెళ్లిళ్ల దాకా ఆరోగ్యంగా బతుకుతుంది. సత్యానందం గారికి అరవై ఆరేళ్లు. ఆయన అసూయకు ముప్పై నాలుగు. రెండిట్లోనూ రెండోదే దిట్టంగా ఉంది. దానికి బీపీ లేదు, మోకాళ్ల నొప్పులు లేవు.

ఆయన హౌరా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్పై మూడేళ్లు పనిచేసి, సంత్రాగాఛిలో రెండు గదుల ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డారు. పని ట్రిమ్మింగ్ షాపులో. అంటే బోగీలోపల బెర్తులకు స్పాంజి పరచడం, రెక్సిన్ తొడగడం, అంచులు కుట్టడం. దేశంలో ఎంతమంది ఆయన కుట్టిన బెర్తుల మీద పడుకుని గురకపెట్టారో ఏ రికార్డులోనూ లేదు. ఇద్దరికే ప్రత్యేకంగా ఉండే ఫస్టు క్లాసు కూపేలంటే ఆయనకు ప్రత్యేకమైన శ్రద్ధ. అంచు కుట్టు మీద బొటనవేలు నడిపి, ఎక్కడా తగలకపోతేనే బోగీని బయటికి పంపేవారు. అయితే ఆయన కేడరుకి రైల్వే ఇచ్చే పాసులో ఫస్టు క్లాసు లేదు. తాను కుట్టిన కూపేలో తాను పడుకోకుండానే ఆయన రిటైరయ్యారు. ఈ అన్యాయాన్ని ఆయన దేవుడికి ప్రతి రాత్రీ ప్రార్థనలో సున్నితంగా గుర్తుచేస్తూ ఉంటారు. జేబులో స్టీలు టేపు మాత్రం ఉద్యోగంతో పాటు వదిలిపెట్టి రాలేదు.

తోడల్లుడు సురేష్ బాబు వాట్‌గంజ్‌లో ఉంటాడు. రేవుకొచ్చే ఓడలకు కూరగాయలు, తాళ్లు, సబ్బులు, చీపుళ్లు సరఫరా చేసే వ్యాపారం. సత్యానందం గారు స్కూటరు కొన్న నెలకి అతను మారుతి కారు కొన్నాడు. ఈయన ఇంట్లో ఏసీ పెట్టించిన ఎండాకాలంలోనే అతను మూడు పెట్టించాడు. అంతా చేసి, ఏమీ చేయనట్టు నవ్వుతూ, అన్నయ్యను బెంగాలీలో పిలిచినట్టు "దాదా, ఎలాగున్నావు?" అని కాళ్లకు వంగుతాడు. సత్యానందం గారిని అన్నిటికన్నా బాధపెట్టేది ఆ వంగడమే. తిట్టడానికి సందివ్వని మనిషిని ద్వేషించడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

వీళ్లిద్దరూ చేసుకున్నది అక్కచెల్లెళ్లను. విజయ కుమారి పెద్దది, గ్రేసీ చిన్నది. వాళ్ల నాన్న విశాఖ రేవులో టగ్గు మీద తాళ్లు పట్టే లష్కరు. సముద్రంలో ఎదురెళ్లి పెద్ద ఓడలను తాడు కట్టి లోపలికి తెచ్చే చిన్న పడవను అక్కడ టగ్గు అంటారు. ఆయన కూతుళ్లిద్దరికీ అన్నం కలిపి పెడుతూ ఒకటే కథ చెప్పేవాడు. తెల్లారగట్ట సముద్రం మీద నుంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ కొండలా ఉండదట. పెద్ద చేప ఒకటి నీళ్లలోంచి ముక్కు బయటపెట్టి, ఇంటికొచ్చేవాళ్లను లెక్కపెడుతున్నట్టు ఉంటుందట. దగ్గరకొచ్చాక మళ్లీ రాయే. "దూరం నుంచే సూడాల, అమ్మా. ఒడ్డున్నోలకి అది అగుపడదు," అనేవాడు. ఆడపిల్లలను టగ్గు ఎక్కించుకునే వీలు ఆయనకు లేదు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. విజయ కుమారి ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో భర్తను అడిగినదల్లా ఆ చేపను ఒక్కసారి చూడాలని. బంగారం అడిగి ఉంటే ఈపాటికి ఎలాగో కొనేసి ఉండేవారు.

ఇంతలో చెన్నై నుంచి విశాఖకు విహార నౌక ఒకటి రావడం మొదలైంది. రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. విజయ కుమారి పేపర్లో ఆ ప్రకటన కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. సత్యానందం గారు "చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" ఫ్రిజ్ తలుపు మీద పసుపెక్కుతుండగా సురేష్ బాబు, గ్రేసీ ఆ ఓడెక్కి వచ్చేశారు. అదీ సూట్‌లో, అంటే ఓడలో అన్నిటికన్నా ఖరీదైన గదిలో.

క్షేమంగా తిరిగొచ్చినందుకు వాట్‌గంజ్ ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టారు. మన క్రైస్తవుల్లో ఆనవాయితీ అది. ఆపరేషన్ అయినా, పరీక్ష పాసైనా, కొత్త ఫ్రిజ్ వచ్చినా పాస్టరు గారిని పిలిచి, నాలుగు పాటలు పాడి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పి, బిర్యానీ పెట్టాలి. ఆరోజు పాస్టరు గారు సముద్రం గురించి క్లుప్తంగా మాట్లాడారు. సురేష్ బాబు సూట్ గురించి విపులంగా మాట్లాడాడు.

"దేవుని మహా కృపవల్ల మాకు తొమ్మిదో అంతస్తులో, ఓడకి ఎదర పక్కనే, తొమ్మిది వందల నాలుగో నంబరు దొరికింది," అని మొదలుపెట్టాడు. టీవీలో ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. సోఫా. మంచం. మంచం మీద తువ్వాలుతో చేసిన హంస. హంస పక్కన గ్రేసీ. హంస లేకుండా గ్రేసీ. "ఇదిగో, బట్లరు. మాకోసమే ప్రత్యేకంగా ఇచ్చేరు. బెల్లు కొడితే చాలు, దాదా, కాఫీ!" తర్వాత బాల్కనీ. బాల్కనీలో సురేష్ బాబు, వెనక సూర్యోదయం. ఆ ఒక్క సూర్యోదయానికి పదహారు ఫొటోలున్నాయి.

"కొండ ఫొటో ఏదే గ్రేసీ?" అంది విజయ కుమారి.

"కొండా? ఏటో అక్కా, ఊరు ఎప్పుడొచ్చిందో తెలీనేలేదు. మా పక్కనంతా నీళ్లే. సూర్యుడు మాత్రం, ఓలమ్మా, చెయ్యి చాపితే అందీసేలాగున్నాడు."

సత్యానందం గారు కొండ మాట వినలేదు. ఆయన టీవీలో కనిపిస్తున్న సోఫా అంచు కుట్టును చూస్తున్నారు. ఫొటోలో సరిగా తెలియడం లేదు. తెలియకపోవడమే ఆయన్ను తినేస్తోంది.

ఇంటి పెద్దల్లుడిగా భోజనానికి ముందు ప్రార్థన చెయ్యడం ఆయన హక్కు. ఆరోజు ప్రార్థన పదకొండు నిమిషాలు సాగింది. రోగుల కోసం, దేశాధినేతల కోసం, రైల్వే పెన్షనర్ల కోసం, ఐశ్వర్యం వల్ల గర్వించే వారి మనసు మారడం కోసం ఆయన వేడుకున్నారు. బిర్యానీ చల్లారిపోయింది. ఆ సాయంత్రం ఆయన గెలిచింది అదొక్కటే.

ఇంటికొచ్చే బస్సులో ప్రకటించారు. "మనం కూడా వెళ్తాం. సూట్‌లోనే వెళ్తాం."

"సూట్ ఎందుకండీ? నాకు కొండ చూస్తే చాలు."

"కొండ చూడ్డానికైనా ఓ పద్ధతి ఉంటాది."

మర్నాడు కొడుకు వినయ్ కుమార్‌ని కూర్చోబెట్టి ఫోనులో గదుల ధరలు చూపించమన్నారు. వినయ్ కుమార్ సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో చేస్తాడు. తెలుగు మాట్లాడతాడు గానీ, చదవమంటే ప్రతి ఒత్తు దగ్గరా ఆగుతాడు. ధరలు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి కనక గడగడా చదివేశాడు. కిటికీ లేని లోపలి గదిలో ఇద్దరికి అయ్యేదానికి సూట్ నాలుగింతలు. సత్యానందం గారు ముక్కు మీది కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. నాలుగింతలే.

"మూడేళ్లు ఆగితే సూట్‌లో ఎల్లొచ్చు," అన్నారు.

వంటింట్లోంచి విజయ కుమారి గొంతు వినిపించింది. "మూడేళ్లకి నా మోకాళ్లు ఓడ మెట్లెక్కుతాయేటి? అప్పుడు మీరొక్కరే సూట్‌లో పడుకుని, నాకు ఫొటో పంపండి."

ఆరు వారాల పాటు ఆ ఇంట్లో ఓడ ప్రయాణం మీద చర్చ నడిచింది. సత్యానందం గారు నడిచేటప్పుడు ఆలోచించారు, స్నానాల గదిలో ఆలోచించారు, చర్చిలో కానుక సంచి ముందుకొచ్చినప్పుడు ప్రత్యేకంగా ఆలోచించారు. చివరికి ఆయన్ని ఒప్పించింది భార్య మోకాళ్లు కాదు. గ్రేసీ ఫోనులో ఒకసారి నోరు జారింది. "రాత్రంతా ఊగీసింది బావగారూ. ఈయనకి రెండుసార్లు వాంతులు. బట్లరు నిమ్మకాయ ఒట్టుకొచ్చేడు."

సత్యానందం గారి ముఖం వెలిగింది. ఎందుకు ఊగిందో లోకంలో అందరికన్నా ఆయనకు బాగా తెలుసు. బోగీలో చక్రాల మీదుండే బెర్తు కుదుపుతుంది, నడిమధ్య ఉండే బెర్తు కుదపదు. ఓడకైనా అంతే. ఎత్తుకి పోయినకొద్దీ, చివరికి పోయినకొద్దీ ఊపు. అడుగున, నడిమిన ఉన్నవాడికి నిద్ర. నాలుగింతలు పెట్టి తోడల్లుడు కొనుక్కున్నది వాంతులన్నమాట.

"మూడో అంతస్తులో, సరిగ్గా మధ్యలో చూడరా," అన్నారు వినయ్ కుమార్‌తో. "కిటికీ లేకపోతే మానీ. పడుకున్నవాడికి కిటికీ ఎందుకు?"

"రెండూ కింది మంచాలే నాన్నా. అప్పర్ ఉండదు."

"రాసి ఇమ్మను."

చెన్నై దాకా పాసు మీద రైల్లో వెళ్లారు. ఓడెక్కేటప్పుడు సత్యానందం గారి సామాను చూసి రేవు సిబ్బంది కాసేపు గౌరవంగా ఆగిపోయారు. గాలి దిండ్లు, రెండు దుప్పట్లు, పూరీ కూర క్యారియరు, మంచినీళ్ల కూజా, పెట్టెను బెర్తు కింద కట్టేయడానికి గొలుసూ తాళమూ. గదిలోకి వెళ్లగానే ఆయన చేసిన మొదటి పని పెట్టెను మంచం కోడుకి గొలుసుతో బిగించడం. తర్వాత టేపు తీసి మంచం కొలిచారు. ఆరడుగుల మూడంగుళాలు. సంతృప్తిగా తల ఊపారు. తరవాత టికెట్లు చేత్తో పట్టుకుని టీటీ కోసం గంటసేపు ఎదురుచూశారు.

"ఇక్కడ టీటీ రాడేటండీ?" అంది విజయ కుమారి.

"వస్తాడు. సూట్లు ముందు చూసుకుని వస్తాడు."

టీటీ రాలేదు. గది శుభ్రం చేసే మనిషి వచ్చాడు. యాభై దాటిన బెంగాలీ, హౌరా పక్కన శిబ్‌పూర్ వాడు. మంచానికి కట్టిన గొలుసు చూడగానే అతనికి సొంత ఊరు కనిపించినంత పనైంది. "హావ్‌రా నాకి, మేసోమోషాయ్?" అన్నాడు. హౌరా నుంచేనా బాబాయ్, అని. అరగంటలో వాళ్లు ఒకరి వీధి ఒకరు తెలుసుకున్నారు, పూరీలు పంచుకున్నారు. ఆ రాత్రి సత్యానందం గారు ఉలుకూ పలుకూ లేకుండా ఎనిమిది గంటలు నిద్రపోయారు. ఊపు లేదు. శబ్దం లేదు. చీకటి చిక్కగా, చల్లగా ఉంది. అంత గొప్ప నిద్ర లిలువాలో చేరినప్పటినుంచీ ఆయన ఎరుగరు.

మనిషి బుద్ధిమంతుడైతే ఇక్కడితో ఆగేవాడు. సత్యానందం గారు పొద్దున్నే డెక్ మీదికి వెళ్లి, తలెత్తి చూశారు. పైన వరసగా బాల్కనీలు. ఒకదాంట్లో ఒక లావుపాటాయన తెల్లటి స్నానపు కోటు వేసుకుని కాఫీ తాగుతున్నాడు. ఆయనెవరో సత్యానందం గారికి తెలియదు. అయినా వెంటనే గిట్టలేదు. మధ్యాహ్నం భోజనాల్లో సూట్ వాళ్లకు వేరే హాలు, తలుపు దగ్గర పూలకుండీ. తినేది అదే పప్పు, అదే రొట్టె అని శిబ్‌పూర్ మనిషి చెప్పాడు. పూలకుండీ మాత్రం ఆయన కళ్లలోంచి పోలేదు. ఓడ ఎంత హాయిగా ఉన్నా, ఇంకొకడికి ఇంకాస్త హాయిగా ఉందేమోనన్న అనుమానం టికెట్టు ధరలో కలిపే అమ్ముతారు కాబోలు.

సాయంత్రం గొంతు తగ్గించి శిబ్‌పూర్ మనిషిని అడిగారు. "ఆ తొమ్మిది వందల నాలుగు ఓసారి చూపిస్తావా?"

అతను అటూ ఇటూ చూశాడు. ఆ గది ఈ ట్రిప్పులో ఖాళీగా ఉందనీ, రేపు తెల్లవారుజామున దుమ్ము దులపడానికి తెరుస్తాననీ, అయిదు నిమిషాలు చాలనీ చెప్పాడు. అయిదు నిమిషాలు చాలునన్నారు సత్యానందం గారు.

మర్నాడు ఇంకా చీకటుండగానే విజయ కుమారి లేచింది. నీలం పట్టుచీర కట్టుకుంది. ఓడలో తెల్లవారుజామున పట్టుచీర కట్టిన మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది. జడలో పూలు లేవని ఒక్క క్షణం బాధపడింది.

"రండి. మద్రాసు నుంచొస్తే ఊరు ఎడంచేతి పక్కన ఉంటాదని నాన్న చెప్పేవాడు. ఎడం పక్కన నిల్చుందాం."

"నువ్వు పద. వెనకే వచ్చీస్తాను."

"ఎక్కడికండీ ఈ వేళప్పుడు?"

"ఇక్కడే. చిన్న పని."

"ఎడం పక్క. మర్చిపోకండి."

"ఆ, ఆ," అన్నారు. ఆ "ఆ, ఆ" అప్పటికే మెట్ల మీదుంది.

తొమ్మిది వందల నాలుగు తలుపు తెరుచుకుంది. సత్యానందం గారు చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టారు. నిజం చెప్పాలంటే గది బావుంది. చాలా బావుంది. అది ఆయనకు మొదటి దెబ్బ. టేపు తీశారు. పొడవు ఇరవై రెండడుగులు, వెడల్పు పన్నెండు. స్నానాల గదిలో తొట్టి అయిదడుగుల చిల్లర. సురేష్ బాబు ఈ తొట్టిలో కాళ్లు చాపుకుని ఉంటాడు. ఈ అద్దంలో మీసం దువ్వుకుని ఉంటాడు. ఈ సోఫా మీద కూర్చుని తన గురించి ఒక్కసారైనా తలుచుకుని ఉండడు.

సోఫా ముందు మోకాళ్ల మీద కూర్చుని అంచు కుట్టు మీద బొటనవేలు నడిపారు. వేలు ఒకచోట ఆగింది. మళ్లీ నడిపారు. మళ్లీ అక్కడే తగిలింది. మూల దగ్గర కుట్టు వంకర పోయింది. దారం ఒక కొస బయటికొచ్చింది. లిలువాలో ఇలాంటి కుట్టు కుట్టినవాడిని ఫోర్‌మన్ భానుమూర్తి గారు బోగీలోంచి కిందికి దింపేసేవారు. సత్యానందం గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగింతలు పెట్టిన సోఫాకు కుట్టు వంకర! రెండు సెకన్లు మంచం మీద కూడా పడుకుని చూశారు. ఆయన జీవితంలో ఫస్టు క్లాసు ప్రయాణమంతా ఆ రెండు సెకన్లే.

"బాల్కనీ దేఖ్‌బేన్ నా?" అన్నాడు శిబ్‌పూర్ మనిషి. చూడరా, అని.

బాల్కనీ చూడకుండా ఎలా? బయటికి వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. తూర్పు ఎర్రబడుతోంది. గాలి చల్లగా, ఉప్పగా ఉంది. ఇక్కడ నిల్చునే తోడల్లుడు పదహారు ఫొటోలు దిగాడు. కొండ కూడా ఇక్కడినుంచే చూసేద్దామనుకున్నారు. విజయ కుమారి కిందనుంచి చూస్తుంది. తాను సూట్‌లోంచి చూస్తాడు. సాక్ష్యంలో ఆ మాట చెప్పడానికి ఎంత బావుంటుందో కూడా ఊహించుకున్నారు. సూర్యుడు నీళ్లలోంచి ఎర్రగా, మెల్లగా, పూర్తిగా వచ్చాడు. సత్యానందం గారు ఇంకా నిల్చున్నారు. సూర్యుడు వచ్చాడు గానీ కొండ రాలేదు.

"పాహాడ్ కోథాయ్?" అని అడిగారు. కొండేదయ్యా, అని.

శిబ్‌పూర్ మనిషి చేతిలో గుడ్డ అలాగే ఉంచుకుని, బొటనవేలితో వెనకనున్న గోడవైపు చూపించాడు. "ఓ దికే, మేసోమోషాయ్." ఆ పక్కన.

ముప్పై మూడేళ్లు ఫస్టు క్లాసు కూపేలు కుట్టిన మనిషి ఆయన. కూపేకి కిటికీ ఒక పక్కనే ఉంటుందనీ, రెండో పక్కన నడవా ఉంటుందనీ, ఆ పక్క ఏ ఊరొచ్చినా ఏ నదొచ్చినా కూపేలో పడుకున్నవాడికి కనిపించదనీ ఆయనకు తెలియాలి. జనరల్ బోగీలో నిల్చున్నవాడు రెండు పక్కలా చూస్తాడని కూడా తెలియాలి. తెలుసు కూడా. కానీ అసూయ వచ్చినప్పుడు అనుభవం సెలవు మీద వెళ్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎడం పక్క. మర్చిపోకండి.

చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తారు. సూట్ల అంతస్తు నుంచి డెక్‌కి దగ్గర దారి ఉంది గానీ, ఆ తలుపు సూట్ కార్డు ఉన్నవాళ్లకే తెరుచుకుంటుంది. లిఫ్టు ముందు పెట్టెలతో జనం. మెట్లు దిగి, పొడుగాటి నడవా అంతా దాటి, తప్పు తలుపు తోసి, ఎవరి కాఫీనో ఒలకబోసి, మళ్లీ మెట్లెక్కి, రొప్పుతూ ఎడం పక్కకు చేరేసరికి ఓడ తిరిగిపోయింది. కొండ ఎదురుగా ఉంది. పెద్దది. రాయి, చెట్లు, పైన లైట్ హౌసు. కొండలాగే ఉంది.

విజయ కుమారి రెయిలింగు దగ్గర పట్టుచీర కొంగు గుప్పిట్లో పట్టుకుని నిల్చుంది. చుట్టూ జనం ఫొటోలు దిగుతున్నారు. ఆమె ఏడ్చి, తుడుచుకోవడం కూడా అయిపోయింది.

"చూసేవా?" అన్నారు.

"చూసేను."

"ఎలాగుంది?"

ఆమె ఆయన వైపు చూసింది. చేతిలోని చెప్పులు చూసింది. జేబులోంచి వేలాడుతున్న టేపు చూసింది. అంతా అర్థమైపోయింది. "నాన్న చెప్పినట్టే ఉంది. నన్ను లెక్కెట్టింది," అంది. "పక్కన మీకు చోటు ఉంచేను. ఇద్దరు ముగ్గురు అడిగేరు. మా ఆయన వస్తాడని చెప్పేను."

సత్యానందం గారు వంగి చెప్పులు తొడుక్కున్నారు.

తిరుగు రైల్లో శ్రీకాకుళం దాటాక ఆయన మెల్లగా ప్రశ్నలు మొదలుపెట్టారు. ముక్కు ఎంత పొడుగుంది? నోరు తెరిచినట్టుందా, మూసినట్టుందా? ఎంతసేపు కనిపించింది? విజయ కుమారి వేరుసెనగలు ఒలుచుకుంటూ ముక్తసరిగా జవాబులిచ్చింది. తన ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర తనకు లేనిది ఒకటుందని తెలియడం, అది టేపుతో కొలవడానికి వీలుకాకపోవడం, ఆయనకు కొత్త అనుభవం. ముప్పై నాలుగేళ్లుగా వాట్‌గంజ్‌లో మకాం పెట్టిన అసూయ బరంపురం వచ్చేసరికి ఎదుటి బెర్తు మీద కూర్చుంది.

క్షేమంగా తిరిగొచ్చారు కనక కూటం పెట్టక తప్పదు. సంత్రాగాఛి ఫ్లాటులో కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెచ్చారు. సత్యానందం గారు తన సాక్ష్యాన్ని రైల్లోనే తయారుచేసుకున్నారు. ఇరవై రెండు ఇంటూ పన్నెండు, వంకర కుట్టు, వాంతులు, నాలుగింతలు, ఈ వరసలో. లేచి గొంతు సవరించుకుంటుండగా విజయ కుమారి "నేను చెప్తాను," అంది. ఎప్పుడూ కూటంలో నోరు విప్పని మనిషి. అందరూ అటు తిరిగారు.

ఆమె పెద్దగా చెప్పలేదు. చీకటి ఎలా పల్చబడిందో, నీళ్ల మీద ముందు నల్లటి గీత ఎలా వచ్చిందో, ఆ గీత ముక్కుగా ఎలా మారిందో చెప్పింది. నాన్న అన్నం కలిపిన చెయ్యి గుర్తొచ్చిందంది. కూర్చుంది.

గ్రేసీ భర్త వైపు తిరిగింది.

"అక్కకి కనబడింది. మరి మనకెందుకు కనబడలేదు?"

సురేష్ బాబు నవ్వబోయాడు. "మనం సూర్యుణ్ణి..."

"సూర్యుడు వాట్‌గంజ్‌లో రాడేటి? మన డాబా మీద రోజూ వస్తాడు. ఆయన నాకూ నాన్నే. నాలుగింతలు పోసి, మా నాన్న కొండకి వీపు ఎట్టి కూకున్నాం." అక్క వైపు చూసిన చూపులో ఏముందో సత్యానందం గారు ఇట్టే గుర్తుపట్టారు. ఆయనకు బాగా తెలిసిన సరుకు అది.

ఈ క్షణం కోసమే ఆయన ముప్పై నాలుగేళ్లు బతికారు. తోడల్లుడు అందరిలో తల దించుకున్నాడు. ఇక ఇరవై రెండు ఇంటూ పన్నెండు చెప్పడమే తరువాయి.

సురేష్ బాబు తలెత్తకుండానే మెల్లగా అడిగాడు. "నువ్వైనా చూసేవు కదా, దాదా?"

ఎదురుగా పాస్టరు గారున్నారు. అబద్ధమాడటానికి అది అనువైన చోటు కాదు.

"నేను నీ బాల్కనీలో ఉన్నాను, తమ్ముడూ," అన్నారు సత్యానందం గారు.

ఆ రోజు భోజనం ముందు ప్రార్థన అర నిమిషంలో అయిపోయింది. బిర్యానీ వేడిగా ఉంది.

వడ్డిస్తూనే అక్కచెల్లెళ్లు నిర్ణయం చేసేశారు. వచ్చే నెల మళ్లీ వెళ్తారు. మూడో అంతస్తు, మధ్యలో, కిటికీ లేని గది. ఇద్దరే. మొగుళ్లు రారు. "మీరొస్తే ఏదో ఒకటి కొలుస్తారు," అంది విజయ కుమారి. "మీరొస్తే సూట్ అంటారు," అంది గ్రేసీ తన భర్తతో.

ఆ నెల వాళ్లు ఓడ దిగాల్సిన రోజు పొద్దున్నే సురేష్ బాబు సంత్రాగాఛి వచ్చేశాడు. ఒంటరిగా ఇంట్లో తోచలేదట. ఇద్దరూ బ్రెడ్డూ గుడ్డూ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. ఆరున్నరకు ఫోను మోగింది. గ్రేసీ పంపిన ఫొటో. రెయిలింగు దగ్గర అక్కచెల్లెళ్లిద్దరూ పట్టుచీరల్లో, ఈసారి జడల్లో పూలతో. వాళ్ల వెనక, చాలా దూరంలో, నీళ్ల మీద నల్లగా ఏదో చిన్నది.

"ఇదేనేటి దాదా?"

"ఇదే అయ్యుంటాది."

"చేపలాగుందా?"

సత్యానందం గారు కళ్లద్దాలు సవరించుకుని చూశారు. సురేష్ బాబు వేళ్లతో ఫొటో పెద్దది చేశాడు. పెద్దది చేస్తే అది చుక్కలు చుక్కలై పోయింది. మళ్లీ చిన్నది చేశాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి చాలాసేపు చూశారు. ఆ ఓడలో ఏ సూట్‌లో ఎవడున్నాడో ఆ క్షణంలో ఇద్దరికీ అక్కర్లేదు. ఇద్దరి గుండెల్లోనూ మంట కిటికీ లేని ఒకే ఒక్క గది మీద.

"ఎంతుంటాది, దాదా?"

సత్యానందం గారు జేబులోంచి స్టీలు టేపు తీసి, ఫోను మీద ఆనించి, జాగ్రత్తగా కొలిచారు.

"ఎనిమిది మిల్లీమీటర్లు," అన్నారు.